వన్స్‌మోర్ ఢిల్లేశ్వరరావు

ఢిల్లేశ్వరరావుకి ఉన్న జబ్బు ఒక్కటే. నలుగురి ముందు నిలబడి ఎవడైనా నోరు తెరిచి తప్పాడా, ఈయన లేచి “వన్స్ మోర్!” అని అరుస్తాడు.

వన్స్ మోర్ అనడం మన వైపు వింతేం కాదు. రాజు వేషగాడు రాగం తీసి, ఊపిరి తిప్పుకోకుండా, పందిరి రాటలు అదిరేలా పద్యం ముగిస్తే జనం ఈలలు వేసి మళ్ళీ పాడించుకుంటారు. ఆయనా మీసం సర్దుకుని హుషారుగా అందుకుంటాడు. అది పద్యనాటకానికి మనమిచ్చే మర్యాద. చిత్రమేమంటే అలాంటి చోట ఢిల్లేశ్వరరావు నోరు మెదపడు. కాళ్ళు చాపుకుని ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంటాడు. మూడో పాదం మరిచిపోయి నాలుగో పాదంలోకి దూకినవాడు, హార్మోనియం ఒక దారిన పోతుంటే తానింకో దారిన పోయినవాడు, పద్యాన్ని దగ్గుతో ముగించినవాడు దొరికాడా, ఇక కాయల పొట్లం పెళ్ళాం ఒళ్ళో పడేసి లేస్తాడు.

ఆ గొంతు సామాన్యమైనది కాదు. వజ్రపుకొత్తూరు అవతల, సముద్రానికి దగ్గర్లో ఆయనకి కొబ్బరీ జీడీ కలిసిన తోట ఉంది. చెట్టు చివర్న కాయలు దింపే మనిషితో అలల హోరు మధ్య కిందనుంచి లోకాభిరామాయణం మాట్లాడీ మాట్లాడీ పదునెక్కిన గొంతు అది. వన్స్ మోర్ అంటే పక్కూళ్ళో కుక్కలు లేచేవి.

ఆ గొంతు వల్ల ఎక్కువ నష్టపోయినవాడు జయకృష్ణ. ఢిల్లేశ్వరరావుకి స్వయానా బావమరిది, టెక్కలి హైస్కూల్లో తెలుగు మేష్టారు. మాట ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉండాలంటాడు. సొంతూరి యాసని టెక్కలి బస్టాండులోనే దులిపేసుకుని బడికి వెళ్ళే మనిషి.

“బావకి సంగీతం వినే చెవి లేదప్పా,” అనేవాడు అక్క గౌరీశ్వరితో.

“సెవులు సేటంత ఉన్నాయిరా. బుర్రే నేదు,” అనేది ఆవిడ.

ఒకసారి మందసలో అమ్మవారి సంబరానికి నాటకం పెట్టారు. మంత్రి వేషం కట్టిన పాపారావుకి ఆరోజు జలుబు. పద్యం ఎత్తుకున్నాడు గానీ రెండో పాదంలోనే దగ్గు తెర. “వన్స్ మోర్!” అన్నాడు ఢిల్లేశ్వరరావు. మంత్రి బెదిరిపోయి మళ్ళీ మొదలెట్టాడు. ఈసారి మూడో పాదం దాకా వచ్చి దగ్గాడు. మళ్ళీ “వన్స్ మోర్!”

“కూకోవయ్యా బాబూ! ఆ పద్యం ఒకసారి ఇన్నదే మా కర్మ!” అన్నారు వెనకనుంచి.

“ఇంకోసారంటే గట్టెక్కిపోతాడు, సూడండి!”

“నీకేటి, సెవుడేటి?”

ఎవరో మంత్రికి మంచినీళ్ళందించారు. మూడోసారికి పద్యం చివరికంటా వచ్చింది. అప్పుడుగాని ఈయన కూర్చోలేదు. నాటకం పెట్టించిన పెద్దమనిషి గౌరీశ్వరి దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. “అమ్మా, వచ్చే ఏడు మీ ఆయన అరవకుండా ఉండాలంటే మేమేటి సెయ్యాల?”

“జలుబు నేనివోళ్ళని పిలవండి బాబూ,” అంది గౌరీశ్వరి.

నాటకాలతో ఆగితే బాగుండేది. జయకృష్ణ పెళ్ళిలో పురోహితుడు గోత్రం తడబడితే “వన్స్ మోర్!” అన్నాడు. ఆయన కంగారుపడి మొత్తం మంత్రం మొదటినుంచీ చదివాడు. ఇప్పటికీ జయకృష్ణ పెళ్ళి ఎప్పుడైందంటే, “మొదటిదా, రెండోదా?” అని అడుగుతారు బంధువులు.

స్కూలు వార్షికోత్సవం మరీ ఘోరం. హెడ్‌మాస్టరు మైకు పట్టుకుని, “నేటి బాలలే... నిన్నటి పౌరులు!” అన్నారు. అందరూ గమనించనట్టు నటిస్తున్నారు. వెనక బెంచీల్లోంచి లేచింది గొంతు. హెడ్‌మాస్టరు ఎర్రబడి, “రేపటి పౌరులు,” అని దిద్దుకున్నారు. చప్పట్లు మోగాయి. కానీ వారం రోజులు ఆయన జయకృష్ణ వైపు చూడనేలేదు.

అందుకే 2003 దసరా సెలవుల్లో హైదరాబాదు వెళ్దామని అక్క అడిగినప్పుడు జయకృష్ణకి గుండెల్లో రాయి పడింది.

“సినిమాలు తీసే కాడ సూడాలిరా తమ్ముడా. కుర్సీల్లో కూకుని సూసే నాటకాలు కూడా సూడాల. ఎప్పుడూ ఇసకలో కూకుని సూడ్డమేనా?”

“సరే అప్పా. బావ కూడా...?”

“ఆయన్ని వొదిలేసి నానెలాగొత్తాను?”

పలాస స్టేషన్లో, రైలు రావడానికి ఇంకా అరగంట ఉండగా, జయకృష్ణ బావని నీళ్ళ కుళాయి దగ్గరికి తీసుకెళ్ళాడు.

“బావా, హైదరాబాదులో ఆ మాట అనకూడదు.”

“ఏ మాటా?”

“నీకు తెలుసు.”

“సరే. అనను.”

“ఒట్టు?”

“నా తోట మీదొట్టు. అంటే నా సెట్లకి ఒక్క గెల నిలవదు. సాలా?”

ఒట్టుకి పరీక్ష అప్పుడే వచ్చింది. స్టేషన్ మైకు గరగరమని ఏదో చెప్పి, ప్లాట్‌ఫారం నంబరు దగ్గరికొచ్చేసరికి గుటుక్కున మింగేసింది. ఢిల్లేశ్వరరావు ఛాతీ పొంగింది. కళ్ళు పెద్దవయ్యాయి. తువ్వాలు తీసి నోట్లో కుక్కుకున్నాడు. జయకృష్ణకి రెండో నంబరని వినిపించింది. ముగ్గురూ జీడిపప్పు డబ్బాతో, ట్రంకుపెట్టెతో వంతెనెక్కి అటు దిగారు. రైలు ఇటొచ్చింది. మళ్ళీ వంతెన. ఆయాసపడుతూ రైలుపెట్టెలో కూలబడ్డాక ఢిల్లేశ్వరరావు తువ్వాలు తీశాడు.

“ఒక్కసారి అడగనిస్తే సరిపోయేది గదా,” అన్నాడంతే.

నాంపల్లిలో లాడ్జి. మొదటిరోజు సాయంత్రం చూసిన నాటకం మాయాబజారులాగా సాగింది. తెర మీద తెర లేస్తోంది, ఆకాశంలో బాణాలు ఢీకొంటున్నాయి, స్టేజీ మీద నిజం వాన కురుస్తోంది. “ఓలమ్మో, ఆరి బట్టలెవులు ఆరబెడతారు?” అంది గౌరీశ్వరి. నటుల్లో ఒక్కరూ తప్పలేదు. ఢిల్లేశ్వరరావు చేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టి, పసిపిల్లాడిలా మురిసిపోతూ లాడ్జికి నడిచొచ్చాడు.

రెండోరోజు నాటకం వేరే హాల్లో. అందులో రాణిగారి చెలికత్తె ఒకామె దీపం పట్టుకొచ్చి నాలుగు పాదాల పద్యం పాడాలి. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. రెండు పాదాలు పాడి ఆగిపోయింది. తెర వెనకనుంచి అందిస్తున్న మాట మూడో వరసకి వినిపించింది గానీ ఆమెకి వినిపించలేదు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

ఢిల్లేశ్వరరావు కుర్చీలోంచి సగం లేచాడు. జయకృష్ణ ఆయన మోకాలు గట్టిగా అదిమి పట్టాడు. బావ ఒకసారి బావమరిది మొహం చూసి, తువ్వాలు నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల మిగతా పద్యం పాడకుండానే లోపలికెళ్ళిపోయింది. నాటకం ముందుకి నడిచింది.

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్న హోటల్లో ఇడ్లీ ముందు పెట్టినా చేత్తో కెలుకుతున్నాడు.

“కడుపులో నొప్పేటండీ?” అంది గౌరీశ్వరి.

“ఆ గుంట ఇంటికెళ్ళి ఏటి సేసిందో.”

“ఏ గుంట?”

“దీపం గుంట. ఆయమ్మ అమ్మా నాయినా కూడా వొచ్చుంటారు. ఆ రెండు ముక్కలూ ఆ పిల్లకి వొచ్చు. నోట్లోనే ఉన్నాయి. ఇంకొక్కసారి అడిగితే వొచ్చీసును.”

జయకృష్ణ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. “బావా, నాకొకటి చెప్పు. బాగా పాడినవాళ్ళని నువ్వెప్పుడూ వన్స్ మోర్ అడగవెందుకు?”

ఢిల్లేశ్వరరావుకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. “బాగా పాడినోడికి ఇంకోసారెందుకు కిష్నా? ఆడికి సప్పట్లున్నాయి. తప్పినోడికి గదా ఇంకోసారి గావాల.”

ఇడ్లీలవాడు చట్నీ వేసి వెళ్ళాడు. జయకృష్ణకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మందస మంత్రి మూడోసారికి గట్టెక్కాడు. హెడ్‌మాస్టరు మాట దిద్దుకుని చప్పట్లు కొట్టించుకున్నారు. తన గోత్రం కూడా రెండోసారి సరిగ్గానే పలికింది. సరిగ్గా వచ్చిన మరుక్షణం బావ కూర్చుండిపోయేవాడు. ఇరవై రెండేళ్ళ చుట్టరికంలో తానెప్పుడూ ఆయన లేచినప్పుడు తల దించుకోవడమే గానీ, కూర్చునేటప్పుడు ఆ మొహంలోకి చూడలేదు.

“తిను బావా. స్టూడియో బస్సు తొమ్మిదికి,” అన్నాడు మెల్లగా.

ఊరికి చాలా దూరంలో ఉంది ఆ సినిమా స్టూడియో. గైడు కుర్రాడు బస్సులో తిప్పుతూ చూపించాడు. ఇటునుంచి చూస్తే రైల్వే స్టేషను, అటునుంచి చూస్తే ఆస్పత్రి. ముందు భాగం గుడి, వెనక భాగం కర్రలూ మేకులూ. గౌరీశ్వరి ప్రతి స్తంభాన్నీ వేలితో కొట్టి, “డొల్లే,” అని తీర్పు చెప్పింది. ఢిల్లేశ్వరరావు ఒక కొబ్బరిచెట్టు దగ్గర ఆగి, మొదలు నిమిరి, ఆకులు పరీక్షించి, “ప్లాస్టిక్కు. తెగులూ నేదు, కాపూ నేదు. దీనికంటే సుఖమేటి?” అన్నాడు.

పన్నెండు గంటలకి ఒక టీవీ సీరియల్ షూటింగు దగ్గరికి తీసుకెళ్ళారు. జమీందారు గారి హాలు సెట్టు. సందర్శకులు తాడు అవతల నిలబడి చూడొచ్చు, శబ్దం చెయ్యకూడదు. జమీందారిణి వేషంలో ఒక పెద్ద నటి కుర్చీలో కూర్చుంది. తలపాగా చుట్టుకున్న యాభై అయిదేళ్ళ నౌకరు పరుగెత్తుకొచ్చి ఒక్క మాట చెప్పాలి. “చిన్నబాబుగారు వచ్చేశారమ్మగారూ!”

నౌకరు పరుగెత్తుకొచ్చాడు. “సిన్నబాబుగోరు వొచ్చీసినారమ్మగోరూ!”

“కట్! సి కాదయ్యా, చి! చిన్న!” అన్నాడు డైరెక్టరు.

“అలాగే బాబూ. సిన్న.”

“చీమ అను.”

“సీమ.”

తాడు అవతల జనం నవ్వారు. జయకృష్ణ నవ్వలేదు. చెవులు వేడెక్కాయి. చీమ అనరా, చాప అనరా అని సుద్దముక్క విసురుతూ తాను బెంచీ ఎక్కించిన పిల్లలు వరసగా కళ్ళముందుకొచ్చారు.

రెండు, మూడు, అయిదు టేకులయ్యాయి. నౌకరు చొక్కా చెమటతో వీపుకి అతుక్కుపోయింది. ఎక్కడ తప్పుతానో అన్న భయంతో ఇప్పుడు పరుగు కూడా తప్పుతున్నాడు. పక్కనున్న అసిస్టెంటు విసుక్కున్నాడు. “శవం వేషాలకి పెట్టుకున్న మనిషి సార్. పన్నెండేళ్ళుగా పడుకునే వేషాలే. మాటున్న వేషం వద్దంటే విన్నారా? ఇంకొకణ్ణి పిలుస్తాను.”

“పిలువు,” అన్నాడు డైరెక్టరు.

నౌకరు తలపాగా విప్పుకోవడం మొదలెట్టాడు.

జయకృష్ణ బావ వైపు తిరిగాడు. ఢిల్లేశ్వరరావు నోట్లో తువ్వాలు, కళ్ళలో నీళ్ళు. తోట మీద ఒట్టు. మెడ నరాలు తాళ్ళలా తేలాయి గానీ గొంతు పెగలనివ్వడం లేదు.

“బావా!” అన్నాడు జయకృష్ణ. ఇస్త్రీ మాట ఎక్కడికి పోయిందో పోయింది. “ఒట్టు తీసి గట్టు మీదెట్టు! అరిసీ బావా, బేగి అరిసీ!”

తువ్వాలు కింద పడింది.

“వన్స్ మోర్!”

రెండురోజులుగా లోపల మూలుగుతున్నది కూడా కలుపుకుని వచ్చింది ఆ అరుపు. గోడ మీది జమీందారు ఫొటో పక్కకి ఒరిగింది. సౌండు చూసే ఆయన చెవులకున్నవి లాగి పారేసి గెంతాడు. తాడు అవతల అరవైమంది సందర్శకులు ఇదేదో షూటింగు ఆచారమనుకుని గొంతు కలిపారు. “వన్స్ మోర్! వన్స్ మోర్!”

“ఎవడయ్యా అది?” డైరెక్టరు లేచాడు.

“నానేనండి,” అన్నాడు ఢిల్లేశ్వరరావు చెయ్యెత్తి. “ఇంకొక్కసారి అడగండి బాబూ. ఆడి నోట్లోనే ఉంది.”

గొడవ ముదిరేదే. కానీ జమీందారిణి కుర్చీలోంచి నవ్వింది. “వాడు పల్లెటూరి నౌకరే కదండీ. వాడి మాటే వాణ్ణి అననివ్వండి. నాకూ అప్పుడు నిజంగా కొడుకొచ్చినట్టుంటుంది.”

డైరెక్టరు వాచీ చూసుకుని, నిట్టూర్చి, “కానీ. ఆఖరిసారి,” అన్నాడు.

నౌకరు తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. ఈసారి చీమని గాని చిన్నని గాని తలుచుకోలేదు. వాకిట్లోకి సొంత బిడ్డే వచ్చినట్టు పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చాడు. “సిన్నబాబుగోరు వొచ్చీసినారమ్మగోరూ!” అంటూ పైపంచెతో కళ్ళు తుడుచుకున్నాడు. పెద్ద నటి గబుక్కున లేచి నిలబడింది.

“ఓకే,” అన్నాడు డైరెక్టరు. కాస్త ఆగి, “మాట డబ్బింగులో చూసుకుందాం. మొహం బాగుంది,” అన్నాడు.

ఢిల్లేశ్వరరావు కిందపడ్డ తువ్వాలు తీసి దులుపుకుంటున్నాడు, ఏమీ జరగనట్టు.

భోజనాల వేళ నౌకరు తానే వెతుక్కుంటూ వచ్చాడు. పేరు బైరాగి. “ఆ కేక ఇనగానే మనోళ్ళే అనుకున్నాను. ఏ వూరు మావా?”

“వజ్రపుకొత్తూరు అవతల. నువ్వో?”

“సంతబొమ్మాళి పక్కన.” బైరాగి మొహం విప్పారింది. “పన్నెండేళ్ళలో ఇదే నా మొదటి మాట మావా. మా ఆడది టీవీలో సూసి ఇప్పుడన్నా నమ్ముతాది. శవం ఏసినప్పుడు, ఇది నువ్వేనని గేరంటీ ఏటి అనీది.” బీడీ వెలిగించుకుంటూ అడిగాడు. “నువ్వూ వేషాలు కట్టీవోడివా?”

ఢిల్లేశ్వరరావు సిగ్గుపడ్డాడు. ఆయన సిగ్గుపడ్డం గౌరీశ్వరి తమ పెళ్ళిలో కూడా చూడలేదు.

“ఒక్కసారి,” అన్నాడు. “కుర్రతనంలో. బారువలో. భటుడి వేషం. ఒకటే మాట. మహారాజా, శత్రుసైన్యం కోటను చుట్టుముట్టింది. పదిరోజులు కొబ్బరిసెట్లకి సెప్పి నేర్సుకున్నాను.”

“మరి?”

“స్టేజీ ఎక్కి, మహారాజా, కోట శత్రుసైన్యాన్ని చుట్టుముట్టింది అన్నాను.”

బైరాగి నోట్లోంచి బీడీ పడిపోయింది. జయకృష్ణ పెదవి కొరుక్కున్నాడు.

“రాజుగారేటన్నారు?”

“ఆయన ఏటంటాడు? అయితే ఇంక మనకి భయమేల, విందు ఏర్పాటు చేయుడు అన్నాడు. జనం పడి పడి నవ్వినారు. యుద్ధం జరగనేదు. నాటకం గంట ముందే అయిపోయింది. నాను వేషంతోనే సరుగుడు తోటల్లోంచి ఇంటికి పారిపోయినాను. మళ్ళీ ఎవులూ వేషం ఇవ్వనేదు. మాట సరిగ్గా వొచ్చు నాకు. ఇప్పటికీ వొచ్చు. ఎవులూ అడగనేదు, అంతే.”

“ఇన్నాళ్ళూ నాకెప్పుడూ సెప్పనేదే!” అంది గౌరీశ్వరి.

“సెప్తే నువ్వూ నవ్వుతావని.”

గౌరీశ్వరి నవ్వలేదు. చీర కొంగు దోపుకుని బైరాగి వైపు తిరిగింది. “అన్నయ్యా, ఇక్కడ రాజుగారి కొలువేదైనా ఉందేటి?”

ఉంది. పక్క సెట్టే. అట్టముక్కల ఏనుగులూ, బంగారు రంగు వేసిన సింహాసనమూ. సందర్శకులు వరసలో నిలబడి దాని మీద కూర్చుని ఫొటోలు తీయించుకుంటున్నారు. బైరాగి అక్కడి కాపలావాణ్ణి బతిమాలి రెండు నిమిషాలు అడిగాడు. తన తలపాగా తీసి ఢిల్లేశ్వరరావుకి చుట్టాడు. ఈటె దొరకలేదు. తుడిచే కర్రకి గుడ్డ ఊడదీసి జయకృష్ణే చేతికందించాడు.

గౌరీశ్వరి సింహాసనమెక్కి, కాళ్ళు మఠం వేసుకుని కూర్చుంది. ఒకసారి చేతిపిడి మీద వేలితో కొట్టి చూసింది గానీ డొల్లని మాత్రం అనలేదు. వరసలో ఉన్నవాళ్ళు కెమెరాలు దించి చూస్తున్నారు.

ఢిల్లేశ్వరరావు ద్వారం దాకా వెనక్కెళ్ళాడు. పెదాలు కదులుతున్నాయి. జయకృష్ణ పిల్లలకి పాఠం ఒప్పజెప్పించుకునేటప్పటిలా తానూ లోలోపల ఆ మాట అనుకుంటూ నిలబడ్డాడు. భటుడు కదిలాడు. నాలుగు అంగల్లో వచ్చి, కర్ర నేలకి తాటించి, మోకాలు వంచి, అట్ట ఏనుగులు వణికేలా పలికాడు.

“మహారాణీ! శత్రుసైన్యం కోటను చుట్టుముట్టింది!”

ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ఆయన అలాగే మోకాలి మీద ఉండి, వంచిన తల ఎత్తకుండా, రాణిగారి ఆజ్ఞ కోసం ఎదురుచూశాడు.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో గౌరీశ్వరి మొగుణ్ణి ఏనాడూ నువ్వనలేదు. సింహాసనం మహిమ కాబోలు, గడ్డం పైకెత్తి అంది.

“పాపం, ఎండన పడి వొచ్చుంటారు. ఎంతమందో లెక్కెట్టి బేగి సెప్పు, ఎసరెట్టాల.”